ల్యాబు లేని బడిలో కెమిస్ట్రీని సున్నంతో మొదలుపెట్టండి

దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా కొత్తగా చేరిన మేడం ఒకరు ఇలా అడిగారు: "పదో తరగతి పిల్లలు సమీకరణాలు గడగడా అప్పజెప్తున్నారు. మోల్ అంటే ఏమిటి, సమీకరణాన్ని ఎందుకు తుల్యం చేయాలి అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. ల్యాబు అంటే ఒక బీరువా. అందులో పగిలినవి పోగా పదిహేను పరీక్షనాళికలు, లేబుల్ ఊడిన రెండు సీసాలు ఉన్నాయి. ఏ ప్రయోగాలతో మొదలుపెట్టమంటారు?"

అమ్మా, నేను ఇదే నల్లగొండ జిల్లాలో 31 ఏళ్లు ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. మీరు చెప్పిన బీరువా లాంటివి నాలుగైదు బళ్లలో చూశాను. ముందుగా ఆ లేబుల్ ఊడిన సీసాల సంగతి. వాసన చూసి గుర్తుపట్టాలని ప్రయత్నించకండి, పారబోయకండి. మూత కదపకుండా "ఏమిటో తెలియదు, ముట్టొద్దు" అని కాగితం అంటించి, పిల్లలకు అందని చోట తాళం వేసి, హెడ్‌మాస్టరు గారికి రాసి ఇవ్వండి. మిగతాదంతా ఆ బీరువా లేకపోయినా నడుస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రంగు మారేవి, పొగ వచ్చేవి, మంట లేచేవి ఏరి ఏరి చూపించేవాణ్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. వారం తర్వాత అడిగితే రంగు గుర్తుండేది, ఎందుకు మారిందో గుర్తుండేది కాదు. రోజుకో కొత్త పదార్థం, కొత్త పేరు వస్తుంటే పిల్లవాడి మనసులో ఏదీ నిలవదు. చాలా ఏళ్లకు నాకు తోచిన దారి ఇది: పిల్లలకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక్క పదార్థాన్ని పట్టుకుని ఏడాదంతా దాని వెంట నడవడం. మన జిల్లాలో ఆ పదార్థం సున్నమే. నానమ్మ తమలపాకు మీద రాసేది అదే, పండక్కి గోడలకు వేసేది అదే, బత్తాయి చెట్టు మొదలుకు పూసేదాంట్లో ఉన్నది అదే. నీళ్లు కాచే కాగు అడుగున తెల్లగా గడ్డకట్టేది, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఒలిచి పారేసే పెంకు, వాడపల్లి, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే రాయి, ఇవన్నీ సున్నానికి దగ్గరి చుట్టాలే. కెమిస్ట్రీ అంటే హైదరాబాద్‌లో ఎక్కడో అద్దాల గదిలో జరిగేది అనుకునే పిల్లలకు ఈ చుట్టరికం చూపించడమే మన పని.

మొదటి రోజు పెళ్లిళ్లలో హారతి ఇచ్చే ఎర్రనీళ్లు చేయించండి. గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు, గోరంత సున్నం. చేసి చూపించే ముందు ఒకటి అడగండి: పసుపు రంగు పసుపు, సున్నం రంగు తెలుపు, మరి ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రతి పిల్లవాడూ తన జవాబు నోటుబుక్కులో రాశాకే కలపండి. తర్వాత అందులో నిమ్మకాయ పిండించండి. ఎరుపు పోయి మళ్లీ పసుపు అవుతుంది. మళ్లీ సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. ఆమ్లం, క్షారం, తటస్థీకరణ అనే మూడు మాటలూ ఆ గ్లాసులోనే ఉన్నాయి. పేర్లు మాత్రం ఆ రోజు చెప్పొద్దు, రెండో రోజు చెప్పండి. చూసినదానికి పేరు కావాలని పిల్లలే అడిగేదాకా ఆగితే, ఆ పేరు మరిచిపోరు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గానీ ఆమ్లాన్ని పట్టించదు. మంచినీళ్లలోనూ పసుపే, నిమ్మరసంలోనూ పసుపే. "పసుపు రంగులో ఉంది కాబట్టి ఇది ఆమ్లం" అని పిల్లవాడు రాస్తే తప్పు మనది. రెండూ తెలియాలంటే శంఖుపూలు కావాలి. నీలం శంఖుపూలు నాలుగైదు వేడినీళ్లలో వేస్తే నీలం రంగు దిగుతుంది. నిమ్మరసం పడితే ఊదా, ఇంకా పడితే గులాబీ. సున్నపు తేట పడితే ఆకుపచ్చ. బడి ప్రహరీ పక్కన ఒక తీగ నాటితే చాలు, లిట్మస్ కోసం ఇండెంటు పెట్టి ఎదురుచూడక్కర్లేదు.

ఇక మోల్ సంగతి. మీ ప్రశ్నలో అసలు కష్టం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. దీనికి ఒక్క వస్తువు కొనాలి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా. 0.01 గ్రాము దాకా చూపించేది, 500 గ్రాముల దాకా మోసేది తీసుకోండి. కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది. ల్యాబుకు డబ్బులు వస్తే మొదటి ఖర్చు దీని మీదే పెట్టండి. పరీక్షనాళికలు తర్వాత కొనుక్కోవచ్చు. తూకం లేకుండా చెప్పిన కెమిస్ట్రీ పిల్లలకు కథలాగే వినిపిస్తుంది.

ముందు 100 పెసలు, 100 శనగలు లెక్కపెట్టి విడివిడిగా తూయించండి. తర్వాత "లెక్కపెట్టకుండా, కాటా ఒక్కదానితో 500 పెసలు, 500 శనగలు నాకివ్వండి" అనండి. ఒక్క నిమిషంలో దారి కనుక్కుంటారు. బరువులు వేరు, లెక్క ఒకటే అన్నది చేతికి తెలిసిపోతుంది. మోల్ అంటే అంతే. కంటికి కనపడనంత చిన్న కణాలను తూకంతో లెక్కపెట్టే పద్ధతి. డజను అంటే 12 అయినట్టు, మోల్ అంటే 6.022 ఇంటూ పది టు ది పవర్ 23. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యనే మోల్‌కు నిర్వచనంగా ఖాయం చేశారు. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులు ఉంటే అన్ని అని చెప్పేవాళ్లం.

ఇప్పుడు అసలు ప్రయోగం. వంటసోడా 4.2 గ్రాములు ఒక కాగితం మీద, బాగా ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకు 5 గ్రాములు ఇంకో కాగితం మీద పెట్టండి. వంటసోడాకు 100 మిల్లీలీటర్ల వెనిగర్ సరిపోతుంది. పెంకుకు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు కావాలి. ఆ ఆమ్లం మీరే తయారు చేసుకోండి, పిల్లల చేత వద్దు. ఒక వంతు గాఢ ఆమ్లాన్ని ఏడు వంతుల నీళ్లలో నెమ్మదిగా పోస్తే దాదాపు 1.5 మోలార్ (లీటరుకు 1.5 మోల్‌లు) అవుతుంది. ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. ఆమ్లం ఉన్న సీసా, పొడి ఉన్న కాగితం కలిపి కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. తర్వాత పొడిని కొద్దికొద్దిగా సీసాలో వేసి, పొంగు తగ్గాక, ఖాళీ కాగితంతో సహా మళ్లీ తూయండి.

మొదటిసారి నా క్లాసులో ఒక పిల్లవాడు అన్నాడు, "బరువు తగ్గింది సార్, సోడా ఎక్కడికి వోయింది?" గ్యాసుగా పోయిందని నేనన్నాను. "గాలికి బరువేంది సార్?" అన్నాడు. ఆ ప్రశ్న క్లాసులో పుట్టడం కోసమే ఈ కష్టమంతా. గాలికి బరువుంటుందని పుస్తకంలో చదివిన పిల్లలే, కాటా మీద రెండు గ్రాములు మాయమైతే నమ్మలేకపోతారు.

లెక్క ఇలా వస్తుంది. వంటసోడా ఒక మోల్ 84 గ్రాములు, పెంకులో ఉండే కాల్షియం కార్బొనేట్ ఒక మోల్ 100 గ్రాములు, బయటికి పోయే గ్యాసు కార్బన్ డయాక్సైడ్ ఒక మోల్ 44 గ్రాములు. 4.2 గ్రాముల సోడా, 5 గ్రాముల పెంకు రెండూ 0.05 మోలే. రెండింటి నుంచీ 0.05 మోల్ గ్యాసే రావాలి, అంటే 2.2 గ్రాములు. వేర్వేరు బరువులు తీసుకున్నా రెండు సీసాల్లోనూ తగ్గుదల దాదాపు ఒకటే. బోర్డు మీద పెసలు, శనగలు అని రాసి దాని కిందే ఈ అంకెలు రాయండి. నా క్లాసుల్లో ఆ క్షణాన మోల్ అర్థమైన పిల్లల మొహాలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

మీకు సరిగ్గా 2.2 రాదు. సోడాకు 1.9 నుంచి 2.0, పెంకుకు ఇంకొంచెం తక్కువ వస్తుంది. దయచేసి పిల్లల చేత 2.2 అని రాయించకండి. ఎందుకు తగ్గిందో వెతికించండి. కొంత గ్యాసు ఆ నీళ్లలోనే కరిగి ఉంటుంది. కొంత సీసా ఖాళీలో గాలి కన్నా బరువుగా నిలిచిపోతుంది. పెంకు అంతా కాల్షియం కార్బొనేట్ కాదు, లోపలి పొర కూడా కొంత ఉంటుంది. సీసాను కాస్త కదిపి, నోటితో ఊదకుండా పక్కకు వంచి గ్యాసును పోనిచ్చి మళ్లీ తూస్తే ఇంకొంచెం తగ్గుతుంది. రికార్డులో పుస్తకం అంకె రాయడం అలవాటైన పిల్లవాడు ఇంటర్‌లో, డిగ్రీలో కూడా అదే చేస్తాడు. నిజంగా వచ్చిన అంకె రాసి కారణం వెతికినవాడికి నేనెప్పుడూ ఎక్కువ మార్కులే వేశాను.

చర్యకు ముందూ తర్వాతా మొత్తం బరువు మారదనే ద్రవ్య నిత్యత్వ నియమానికి ఇదే ప్రయోగాన్ని మూత బిగించి చేయించండి. చాలామంది సీసా మూతికి బెలూన్ తొడుగుతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ సున్నితమైన కాటా మీద బెలూన్ ఉబ్బగానే బరువు తగ్గినట్టు చూపిస్తుంది. ఉబ్బిన బెలూన్ తన చుట్టూ ఉన్న గాలిని తోసేస్తుంది, ఆ గాలి దాన్ని పైకి ఎత్తుతుంది. లీటరు ఉబ్బుకు దాదాపు 1.2 గ్రాములు తేడా వస్తుంది. నియమం తప్పని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. దాని బదులు లీటరు కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. వెనిగర్ పోసి, 2 గ్రాముల సోడాను టిష్యూ కాగితంలో చుట్టి వేసి వెంటనే మూత బిగించండి. సీసా గట్టిపడుతుంది, బరువు మారదు. మూత మెల్లగా తిప్పగానే బుస్సుమంటుంది, అప్పుడు తగ్గుతుంది. 2 గ్రాములు దాటొద్దు, గాజు సీసా అసలే వద్దు.

గుడ్డు పెంకు బదులు సుద్దముక్క వాడదామని మీకనిపించవచ్చు. ఒక్క ఇన్‌స్పెక్షన్ రోజు నేను ఆ పని చేసి అందరి ముందూ నిలబడిపోయాను, ఆమ్లంలో ఒక్క బుడగ కూడా రాలేదు. ఈ కాలపు సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి. అది కాల్షియం సల్ఫేట్, కార్బొనేట్ కాదు. పెంకు, సుద్దముక్క పక్కపక్కన పెట్టి ఆమ్లం చుక్క వేయించండి. రెండూ తెల్లగానే ఉన్నా రెండూ ఒకటి కావని తెలుస్తుంది.

సున్నపు తేటతో చేసే ప్రయోగం ప్రతి పుస్తకంలో ఉంది. అయితే సగంలో ఆపేస్తారు. రాత్రి సున్నం నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున పైన తేరిన తేట తీసుకోండి. దానికి సమానంగా వాననీళ్లు గానీ బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ గానీ కలపండి. సోడా, వెనిగర్ సీసా నుంచి సెలైన్ పైపుతో గ్యాసు పంపితే తెల్లగా పాలలా అవుతుంది. అది కాల్షియం కార్బొనేట్ అవక్షేపం, అంటే నీళ్లలో కరగక విడిపోయిన పొడి. అక్కడ ఆపకండి. గ్యాసు పంపుతూనే ఉంటే కాసేపటికి పాలు మళ్లీ తేటనీళ్లవుతాయి. కార్బొనేట్ కాస్తా కరిగే బైకార్బొనేట్ అయింది. ఇప్పుడు ఆ తేటను గిన్నెలో మరిగించండి, మళ్లీ తెల్లబడుతుంది.

అప్పుడు పిల్లల్ని అడగండి, మీ ఇంట్లో ఇలా ఎక్కడ చూశారని. కాగు అడుగు, వాటర్ హీటరు రాడ్డు అని నాలుగు వైపుల నుంచీ చెబుతారు. బోరు నీళ్లలో సున్నపు జాతి లవణాలు కరిగి ఉండటం, మరిగితే గడ్డకట్టడం, మీ టేబుల్ మీద ఇప్పుడు జరిగిందే. రాడ్డు మీది పెచ్చు ఒకటి తెచ్చి వెనిగర్‌లో వేస్తే బుడగలు వస్తాయి. గుడ్డు పెంకు చెప్పిన సాక్ష్యమే అదీ చెబుతుంది.

అక్కడి నుంచి నీటి కఠినత్వానికి, అంటే సబ్బుకు నురగ రానివ్వని గుణానికి, పోవడం తేలిక. ప్రతి పిల్లవాడూ ఇంటి నుంచి అర లీటరు నీళ్లు తేవాలి, సీసా మీద ఊరు, వీధి, బోరా నల్లానా అని రాయాలి. స్నానం సబ్బు ఒక గ్రాము గీరి 100 మిల్లీలీటర్ల వాననీళ్లలో కరిగించండి. అంట్లు తోమే సబ్బు వద్దు, అది డిటర్జెంటు, కఠిన జలంలోనూ నురగ వస్తుంది. 20 మిల్లీలీటర్ల నీటి నమూనాలో మెడికల్ షాపు సిరంజితో అర మిల్లీలీటరు చొప్పున సబ్బు నీళ్లు వేసి మూతపెట్టి కుదపాలి. నురగ ఒక నిమిషం నిలిచేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాయాలి. వాననీళ్లకు ఒక్కసారి వేస్తే చాలు. మా ఊరి బోరు నీళ్లకు అయిదారు మిల్లీలీటర్లు పట్టేది, నురగ బదులు తెల్లటి తెట్టు కట్టేది. అదే నీటిని మరిగించి చల్లార్చి వడగట్టి మళ్లీ చేస్తే తక్కువ పడుతుంది. తగ్గినంతా తాత్కాలిక కఠినత్వం, మిగిలింది శాశ్వత కఠినత్వం. ఊరంతటి అంకెలు ఒక ఛార్టు మీద రాసి గోడకు పెడితే, హెచ్‌ఎం గారి నుంచి సర్పంచ్ గారి దాకా అందరూ వచ్చి చూస్తారు.

ఈ పాఠం దగ్గర మన జిల్లాలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మరిగిస్తే ఫ్లోరైడ్ కూడా పోతదా సార్?" పోదు. నీళ్లు ఆవిరై తగ్గిపోతాయి, ఫ్లోరైడ్ ఉన్నంతా అలాగే ఉంటుంది, అంటే కాస్త చిక్కబడుతుంది. ఇది ఇళ్లలో చాలామందికి తెలియని సంగతి, పిల్లల ద్వారా ఇళ్లకు చేరాలి.

ఫ్లోరైడ్ పాఠం చెప్పే రోజు మాత్రం మీరు పిల్లల మొహాలు చూస్తూ చెప్పండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఊళ్లలో ఫ్లోరోసిస్‌తో, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బుతో, కాళ్లు వంకరపోయి, నడుము వంగిపోయిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మీ క్లాసులోనూ ఉండవచ్చు. ఒక ఏడాది నేను ఫ్లోరోసిస్ బొమ్మ బోర్డు మీద గీస్తుంటే మూడో బెంచీలో ఒక అమ్మాయి తల దించుకుంది. వాళ్ల తాత మంచంలోనే ఉండేవాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత నేను ఎన్నడూ మనిషి బొమ్మతో ఆ పాఠం మొదలుపెట్టలేదు. రాయితో మొదలుపెట్టాను.

మన పడమటి, నడిమి మండలాల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు ఏళ్ల తరబడి లోతున ఆ రాతిని ఆనుకుని ఉంటే అది మెల్లగా నీటిలోకి దిగుతుంది. మళ్లీ మన సున్నం ఇక్కడ అడ్డొస్తుంది. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో పెద్దగా కరగదు, లీటరు శుద్ధమైన నీటిలో దాదాపు 16 మిల్లీగ్రాములే. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పెరగనివ్వదు. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. అందుకే నాలుకకు మెత్తగా, కమ్మగా ఉన్న బోరు నీళ్లు మంచివని నమ్మకూడదు.

తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకుంటే 1.5 దాకా పర్వాలేదని మన దేశపు ప్రమాణం. 1.5 అంటే ఎంతో పిల్లల చేత మోల్ లెక్క వేయించండి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 0.3 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. మోల్ 19 గ్రాములు కాబట్టి ఆ గ్లాసులో అయాన్లు దాదాపు 9.5 ఇంటూ పది టు ది పవర్ 18. కంటికి తేటగా ఉన్న నీటిలో అన్ని కణాలు! పెసలతో నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికొస్తుంది.

ప్రపంచంలో నీళ్ల కెమిస్ట్రీ చదివేవాళ్లందరికీ మన ఊరి పేరు తెలుసని కూడా పిల్లలకు చెప్పండి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలియబెట్టి, తేరనిచ్చి వడగడతారు. పటిక నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ మేఘంలా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పటిక వల్ల నీరు ఆమ్లం వైపు పోకుండా సున్నం కాపాడుతుంది. ఇథియోపియా, టాంజానియా దేశాల్లోనూ దీన్ని ప్రయత్నించారు. పటిక ఎక్కువ కావాలి, బురద ఎక్కువ మిగులుతుంది, కొలత తప్పితే నీటిలో అల్యూమినియం ఉండిపోతుంది. ఈ లోపాలూ చెప్పండి. ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చాక ఇళ్లలో దీని అవసరం తగ్గింది. క్లాసులో బురద నీళ్లలో పటిక వేసి ఆ మేఘం చూపించండి చాలు. ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు.

ఫ్లోరైడ్ కొలిచే కిట్టు ఒకటి సంపాదించగలిగితే దాని రంగు వెనక ఒక మంచి కథ ఉంది. పాత పద్ధతి కిట్లలో జిర్కోనియం అనే లోహం అలిజరిన్ జాతి రంగుతో కలిసి ఎర్రగా ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని లాక్కుపోతుంది, ఎరుపు పోయి పసుపు మిగులుతుంది. అదే అలిజరిన్‌తో నారాయణపురం దగ్గర పుట్టపాక నేతగాళ్లు తేలియా రుమాళ్లకు ఎరుపు అద్దుతారు. అక్కడ జిర్కోనియం బదులు పటికలోని అల్యూమినియం. ఇనుము వాడితే నలుపు దిక్కు పోతుంది. నూలును ముందు ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి రోజుల తరబడి నానబెడతారు. బూడిద నీళ్లు క్షారం, శంఖుపూల రసం వేసి చూడండి. క్లాసులో పద్మశాలీల పిల్లలుంటే ఆ రోజు పాఠం వాళ్లనే చెప్పనివ్వండి. నాకన్నా బాగా చెప్పారు.

బత్తాయి తోటలున్న పిల్లలకైతే స్థానభ్రంశ చర్య ముందే తెలుసు, పేరే తెలియదు. తోటలో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపేటప్పుడు వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం వేస్తారు. కలిపాక కత్తి మొనను కాసేపు ముంచి చూస్తారు. ఎర్రటి పూత పడితే ఇంకా సున్నం కావాలి. ఇనుము రాగిని బయటికి నెట్టింది, అంటే కరిగిన రాగి ఇంకా మిగిలి ఉంది. ఇనుప మేకు, మైలుతుత్తం ద్రావణం అని పుస్తకంలో ఉన్న ప్రయోగం ఇదే. ఇక్కడా మోల్ లెక్క పెట్టండి. కిలో మైలుతుత్తం దాదాపు 4 మోల్‌లు. దానికి 4 మోల్‌ల తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్), అంటే 296 గ్రాములు చాలాలి. మరి రైతు కిలో ఎందుకు వేస్తాడు? మా పిల్లలు చర్చించి తేల్చారు, సంచిలో ఏళ్లు నిలవ ఉన్న సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి సగం మళ్లీ రాయైపోతుందని. పాత సున్నం మీద ఆమ్లం వేసి, బుడగలు చూసి నిరూపించారు కూడా. మైలుతుత్తం విషం, చేతులు కడుక్కోకుండా మధ్యాహ్నం అన్నానికి పంపకండి.

ఒక్కటి మాత్రం పిల్లల చేత చేయించొద్దని చెబుతాను, రాళ్ల సున్నాన్ని నీళ్లలో వేసి చల్లార్చడం. నా తొలి ఏళ్లలో ఒక బడిలో ఉష్ణమోచక చర్య, అంటే వేడి పుట్టించే చర్య, చూపిస్తూ పిల్లల్ని చుట్టూ దగ్గరగా నిలబెట్టాను. సున్నపు రాయి పగిలి బొట్టు ఎగిరి ఒకబ్బాయి కంట్లో పడింది. చేతిపంపు దగ్గర ఇరవై నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకుపోయాం. చూపు నిలిచింది. ఆ ఇరవై నిమిషాలు నేనెప్పటికీ మరచిపోను. తప్పు నాదే. సున్నం కంటికి ఆమ్లం కన్నా ప్రమాదం, లోపలికి దిగుతూనే ఉంటుంది. అప్పటి నుంచి వెల్డింగ్ షాపు దగ్గర దొరికే ప్లాస్టిక్ కళ్లద్దాలు లేకుండా ఏ ప్రయోగమూ మొదలుపెట్టలేదు. రాళ్ల సున్నం మీరే, దూరంగా, లోతైన బకెట్లో వేసి చూపించండి. బాత్రూం కడిగే ఆమ్లాన్ని, బ్లీచింగ్ పౌడరును ఒకే గదిలో కూడా పెట్టకండి, కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

పది పరీక్షల టెన్షన్‌లో ఇదంతా ఎప్పుడు చేస్తామని మీకు అనిపిస్తుంది. నా అనుభవంలో పెసలు, సోడా, పెంకు కలిపి మూడు పీరియడ్లు, తేట సున్నం ఒకటి, సబ్బు పరీక్ష రెండు. ఆ ఆరు పీరియడ్ల తర్వాత తుల్య సమీకరణాలకు పట్టే టైం సగం తగ్గింది. అంకెలు ఎందుకు సరిపోవాలో కాటా ముందే చెప్పేసింది కాబట్టి.

గుడ్డు పెంకుల పని ఈ వారమే మొదలుపెట్టండి. ఒక గుడ్డు పెంకు అయిదారు గ్రాములుంటుంది, ఒక్కో జట్టుకు ఒకటి చాలు. గుడ్డు పెట్టిన రోజు వంట చేసే అక్కను అడిగి ఇరవై పెంకులు తీసిపెట్టించండి. తడిగా ఉన్నప్పుడే లోపలి పొర ఊడదీయాలి, ఎండితే రాదు. రెండు రోజులు ఎండలో పెట్టి, రోట్లో మెత్తగా దంచి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. డబ్బా మీద పేరు, తేదీ పిల్లల చేతే రాయించండి.